పుల్లయ్య అనే పేరు వెనక ఏముంది?

ప్రశ్న: మాది పల్నాడు వైపు. రెండు వారాల క్రితం నాకు బాబు పుట్టాడు. మామయ్యగారు పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆయన పేరు పుల్లయ్య, పుట్టింది 1951లో. మనవడికి ఆయన పేరే పెట్టాలని అత్తయ్యగారి పట్టుదల. మావారు అటూ చెప్పరు, ఇటూ చెప్పరు. మామయ్యగారంటే నాకు ప్రాణం. కానీ ఈ రోజుల్లో పుల్లయ్య అని పెడితే స్కూల్లో తోటి పిల్లలు ఊరుకుంటారా? ఒకరేమో ‘ఫుల్ల’ అంటే విచ్చుకున్న పువ్వు, మంచి అర్థమే, స్టైల్‌గా ప్రఫుల్ల్ అని పెట్టుకోండి అన్నారు. మా బంధువుల్లో ఇంకొకాయన, పుల్లాకు అంటే ఎంగిలాకు, పసివాడికి ఆ పేరేమిటని మొహం మీదే అనేశారు. అప్పటినుంచి మనసు మనసులో లేదు. ఇరవయ్యొకటో రోజున బారసాల అనుకున్నాం, దగ్గరకొచ్చేసింది. చాలా టెన్షన్‌గా ఉంది. అసలు ఈ పేరుకి అర్థం ఏమిటి? పెట్టవచ్చా? అన్నట్టు, మామయ్యగారి ముక్కుకి కుడిపక్కన చిన్న కుట్టు గుర్తు ఉండేది. మగవాళ్ళకి ముక్కు కుట్టడమేమిటో నాకు అర్థం కాలేదు. ఎప్పుడూ అడగలేదు కూడా.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందుగా బాబుకి ఆశీస్సులు. ఉత్తరం చివర్లో ‘అన్నట్టు’ అంటూ మీరు రాసిన ఆ రెండు మూడు మాటల దగ్గరే నేను ఆగిపోయాను. మీరడిగిన ప్రశ్నకి సగం జవాబు ఆ కుట్టు గుర్తులోనే ఉంది. దాని దగ్గరికి వస్తాను.

పేరు సంగతి చూద్దాం. పుల్లయ్యలో రెండు ముక్కలున్నాయి. రెండోది ‘అయ్య’. తండ్రి అని, పెద్దమనిషి అని అర్థం. రామయ్య, కోటయ్య, వీరయ్య, అన్నిట్లోనూ ఉన్నది అదే. చిక్కంతా మొదటి ముక్కతోనే, ఎందుకంటే తెలుగులో ‘పుల్ల’ అని వినపడే మాటలు ఒకటి కాదు, నాలుగైదు ఉన్నాయి.

కట్టెపుల్ల, అగ్గిపుల్ల మనకి తెలిసినవే. సన్నగా ఉన్నవాణ్ణి పుల్లలా ఉన్నాడంటాం. పేరుకీ దీనికీ సంబంధం లేదు, పిల్లలు ఏడిపించడానికి తప్ప. పుల్లగా ఉండే పులుపూ అంతే. మీ పల్నాడులో ఇంకో ‘పుల్ల’ ఉంది. అడవిలో పశువుల్ని మేపుకున్నందుకు దొరతనం వసూలు చేసిన పన్ను పుల్లరి. పుల్లు అంటే గడ్డి, అరి అంటే పన్ను. ఆ పుల్లరి కట్టబోమని ఎదురు నిలిచిన కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు తుపాకులకి బలైన సంగతి మీ వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. మాట వినడానికి దగ్గరగా ఉన్నా, మనుషుల పేరులోకి వచ్చింది ఈ గడ్డి కాదు.

రంగు చెప్పే ‘పుల్ల’ మాత్రం ఆలోచించదగ్గదే. ఎరుపూ గోధుమా కలిసిన పశువుని పుల్లావు అనడం పాత తెలుగులో ఉంది. ఒంటి రంగుని బట్టి నల్లయ్య, ఎర్రయ్య అని పిలిచిన జాతి మనది. మహాభారతాన్ని పూర్తి చేసిన కవి పేరే ఎర్రన. కాబట్టి ఎక్కడో ఒక ఇంట్లో కాస్త ఎర్రటి ఛాయతో పుట్టిన బిడ్డని పుల్లయ్య అని ఉండవచ్చు. ఆ దారి నేను పూర్తిగా మూసేయను.

విచ్చుకున్న పువ్వు అనే అర్థానికి మాత్రం నేను ఒప్పుకోలేను. ఫుల్లం సంస్కృతం మాటే, దాని అర్థమూ అదే. కానీ పొలం పనులు చేసుకునే ఇళ్ళలో తరతరాలుగా పుల్లయ్య, పుల్లమ్మ, పుల్లారెడ్డి, వెంకట పుల్లయ్య అని పిలుచుకున్నవాళ్ళు సంస్కృత నిఘంటువు చూసి పేరు పెట్టలేదు. తర్వాతి తరం వాళ్ళు చదువుకుని, పాత పేరు పలకడానికి మొహమాటపడి దానికి తొడిగిన చొక్కా అది. ప్రఫుల్ల్ మంచి పేరే. నచ్చితే హాయిగా పెట్టుకోండి. కానీ అది మీ మామయ్యగారి పేరు కాదు. రెండూ ఒకటేనని అత్తయ్యగారికి చెప్పవద్దు. ఆవిడ నమ్మినట్టు తలూపవచ్చు, లోపల మాత్రం నొచ్చుకుంటారు.

ఇక మీ బంధువు మొహం మీద అన్న మాట. ఆయన అన్న తీరు తప్పు. విషయం మాత్రం నిజం. భోజనం చేసి లేచాక మిగిలే ఎంగిలి విస్తరిని పుల్లాకు, పుల్లె అంటారు. పుల్లయ్య అనే పేరు ఎక్కువ ఇళ్ళల్లో అక్కడినుంచే వచ్చింది. ఆయనకి తెలిసింది అంతవరకే. ఎంగిలాకు పేరు ఒక పసిబిడ్డకి ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నది ఆయన అడగలేదు.

పెట్టింది తల్లి. ఒకరిద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి.

వరసగా పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోతుంటే, ఆ ఇంటిమీద దిష్టి పడిందనో, మృత్యువు ఆ గడప గుర్తు పెట్టుకుందనో అనుకునేవాళ్ళు. అందుకని తర్వాత పుట్టిన బిడ్డని ఎవరికీ అక్కర్లేని వస్తువులా కనపడేలా చేసేవాళ్ళు. ఇంట్లో బంతి లేచాక, విస్తళ్ళు తీసి గోడవతల పడేశాక, ఆ ఎంగిలాకుల మీద పాత గుడ్డలో చుట్టిన బిడ్డని ఒకసారి అటూ ఇటూ దొర్లించేవాళ్ళు. వీడు మాకు ముద్దుల కొడుకు కాదు, పారేసిన ఆకు, వీడితో నీకేం పని అని ఎవరికి వినపడాలో వాళ్ళకి వినపడేలా చెప్పడం అది. అలా దొర్లించినవాడు పుల్లయ్య, ఆడపిల్ల అయితే పుల్లమ్మ. పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకొస్తే పెంటయ్య, పెంటమ్మ. నలుగురి దగ్గరా బిచ్చమెత్తి, ఆ బిచ్చంతో వచ్చిన బిడ్డ అనిపిస్తే భిక్షమయ్య. శ్రీకాకుళం, విజయనగరం వైపు తవుడిచ్చి కొన్నట్టు చేసి తవిటయ్య, తవిటమ్మ అని పెట్టారు. చిన్నప్పుడు అల్లరి చేస్తే మనల్ని ‘నిన్ను తవుడిచ్చి కొన్నాం’ అని ఏడిపించేవాళ్ళు గుర్తుందా? ఇప్పుడు సరదాగా అనే ఆ మాట ఒకప్పుడు నిజంగా జరిగిన తంతు.

దాంతోపాటు చేసే ఇంకో పని ముక్కు కుట్టడం. మగబిడ్డకి ముక్కు కుడితే ఆడపిల్ల అనుకుని మృత్యువు మోసపోతుందని కొందరు, ఒంటికి చిన్న లోపం ఉంటే దిష్టి తగలదని కొందరు చెప్పేవాళ్ళు. మామయ్యగారి ముక్కు మీద మీరు చూసిన గుర్తు బహుశా అదే. పుల్లయ్య అన్న పేరూ, ముక్కు కుట్టూ ఒకే మనిషిలో కలిసి ఉన్నాయంటే, ఆయనకి ముందు ఆ ఇంట్లో ఉయ్యాల ఖాళీ అయి ఉంటుందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఆయన పుట్టిన 1951 ప్రాంతంలో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 140 మందికి పైగా మొదటి పుట్టినరోజు చూడలేదు. అంతకు ముందు తరంలో ఇంకా ఘోరం. కొడవలితోనో, తుప్పు పట్టిన కత్తితోనో బొడ్డు కోస్తే వచ్చే ధనుర్వాతం, మశూచి, విరేచనాలు, జ్వరం, వీటిలో ఏది ఎందుకు వచ్చిందో తల్లికి చెప్పేవాళ్ళు లేరు. టీకాలు అందరికీ అందేవి కావు, చాలాచోట్ల పక్క ఊళ్ళో కూడా డాక్టరు ఉండేవాడు కాదు. 2020 లెక్కల ప్రకారం ఆ సంఖ్య వెయ్యికి 28. ఈ మధ్యలో ఆసుపత్రి కాన్పులు, గర్భిణులకి వేసే ధనుర్వాతం టీకా, పిల్లల టీకాలు, ఉప్పూ పంచదార కలిపిన నీళ్ళు వచ్చాయి. అవేమీ లేని రోజుల్లో తల్లి చేతిలో ఉన్న మందు ఒక్క పేరే. అందుకే తవిటయ్యలూ పెంటయ్యలూ ఇప్పుడు పుట్టడం లేదు. వాళ్ళ అవసరం తీరిపోయింది. దీనికి మించిన మంచి కబురు ఏముంటుంది!

మా మేనత్త పేరు పెంటమ్మ. చిన్నతనంలో నాకు ఆ పేరు బయట చెప్పాలంటే సిగ్గు. స్నేహితులు వస్తే ‘అత్తా’ అని మాత్రమే పిలిచేదాన్ని. ఒక వేసవిలో వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, నీకా పేరెందుకు పెట్టారత్తా అని అడిగేశాను. ఆవిడ ఏమీ నొచ్చుకోలేదు. తనకి ముందు ముగ్గురు పోయారట. తను పుట్టిన రోజే మా నాయనమ్మ తనని చేటలో పెట్టి పశువుల కొట్టం వెనక పెంటకుప్ప మీద ఉంచమందట. పక్కింటావిడ అటుగా వెళ్తున్నట్టు వచ్చి, ‘ఎవరో బిడ్డని పారేశారు, మీకేమైనా కావాలా?’ అని చేటతో సహా తెచ్చి గుమ్మంలో నిలబడిందట. మా నాయనమ్మ మంచం మీదనుంచే, చేటెడు తవుడు కొలిచి ఆవిడకి ఇవ్వమందట. అంతా ముందే అనుకున్నదే. అయినా ఆ పూట మా నాయనమ్మ ఏడుస్తూనే ఉందని చెప్పింది అత్త. బిడ్డ అక్కడున్న ఆ కాసేపట్లో కుక్కేమైనా వస్తుందేమోనని, మా తాతయ్య కర్ర పట్టుకుని గోడ పక్కన నక్కి కూర్చున్నాడట. ఆ పక్కింటావిడ బతికున్నన్నాళ్ళూ మా అత్త ప్రతి సంక్రాంతికీ ఆవిడకి రవికెల గుడ్డ పెట్టి కాళ్ళకి దండం పెట్టేది. ‘నన్ను కొనిచ్చిన అమ్మ’ అనేది. ఆ రోజు తర్వాత మా అత్త పేరు చెప్పడానికి నేనెప్పుడూ వెనకాడలేదు.

ఆ తాతయ్య కర్ర పట్టుకుని కూర్చోవడం చూడండి. పేరేమో పెంట. కాపలా మాత్రం ప్రాణం పెట్టి. మీ మామయ్యగారి పేరులో కూడా రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మృత్యువు వినడానికి పుల్ల, ఇంటివాళ్ళు పిలుచుకోవడానికి అయ్య. పుట్టిన పసిగుడ్డుని ‘అయ్యా’ అని పెద్దమనిషిని పిలిచినట్టు పిలిచారంటే, వీడు పెరిగి పెద్దవాడు కావాలనే కదా!

ఇది మన ఒక్కరి ఆచారమే కాదు. తమిళంలో కుప్పుస్వామి, పిచ్చై అనే పేర్లున్నాయి. కుప్పై అంటే చెత్త, పిచ్చై అంటే భిక్ష. బెంగాలీలో తీన్‌కొడి, పాంచ్‌కొడి అని మూడు గవ్వలకి, ఐదు గవ్వలకి కొన్న బిడ్డలు. మరాఠీలో ధోండో అంటే రాయి. వితంతువుల చదువు కోసం జీవితం ధారపోసిన మహర్షి ధోండో కేశవ్ కర్వే ఆ పేరుతోనే 1858 నుంచి 1962 దాకా, నూట నాలుగేళ్ళు బతికారు. 1958లో భారతరత్న అందుకున్నారు. మన దగ్గర చిత్తజల్లు పుల్లయ్యగారు, పి. పుల్లయ్యగారు తెలుగు సినిమా తొలి తరంలో పేరున్న దర్శకులు. తెరమీద ఆ పేరు పడినప్పుడు ఎవరూ ఎంగిలాకు గురించి ఆలోచించలేదు.

అయితే మీ భయాన్ని నేను కొట్టిపారేయను. పిల్లలు ఏడిపిస్తారా అంటే, ఏడిపించవచ్చు. మన సామెతే ఒకటుంది కదా, పుల్లయ్య వేమవరం వెళ్ళొచ్చినట్టు అని. రేపు పొద్దున్నే వేమవరం వెళ్ళాలిరా పుల్లయ్యా అని రాత్రి యజమాని అంటాడు. పనేమిటో చెప్పకముందే తెల్లారేసరికి పుల్లయ్య వెళ్ళి తిరిగొచ్చేసి ఉంటాడు. ఇప్పటి పిల్లలకి ఆ సామెత తెలియకపోయినా, టీచర్లలో ఒకరికి తెలిసి ఉంటుంది. పేరు పిలిచినప్పుడల్లా క్లాసులో కిసుక్కుమనే నవ్వు వినడం ఆరేళ్ళ పిల్లాడికి చిన్న విషయం కాదు. తాత మీద ప్రేమకి వాడు మూల్యం చెల్లించనక్కర్లేదు. ఈ మాట అత్తయ్యగారితో మీరు చెప్పవచ్చు, చెప్పాలి.

కానీ దానికంటే ముందు ఒక పని చేయండి. పేరు గురించి వాదన పెట్టుకోకుండా, మామయ్యగారి ముక్కు మీద ఆ గుర్తు ఎలా వచ్చిందని అత్తయ్యగారిని అడగండి. బాబుకి నూనె రాసి నలుగు పెట్టేటప్పుడో, వాడు ఆవిడ ఒళ్ళో నిద్రపోతున్నప్పుడో అడగండి. ఆవిడ తన అత్తగారి నోటినుంచి విన్న కథ ఏదో ఉంటుంది. మీ ఇంటి పుల్లయ్యకి అసలు అర్థం ఆ కథ. ఒకవేళ అది ఎంగిలాకుల కథ కాక, ఆ ఇంట్లో అంతకు ముందు తాతగారెవరిదో పేరైతే అదీ తెలుస్తుంది. మీరు ఆ కథ వినడానికి కూర్చున్నారని తెలిస్తేనే ఆవిడ పట్టుదల సగం మెత్తబడుతుందని నా నమ్మకం. భర్త పోయి ఏడాది తిరగని మనిషి ఆవిడ. ఆ పేరు ఇంట్లో మళ్ళీ వినపడాలన్నది ఆవిడ కోరిక. స్కూల్ రిజిస్టర్‌లో ఏం రాస్తారన్నది ఆవిడకి తర్వాతి సంగతి కావచ్చు.

ఇంకో మాట. మన ఇళ్ళల్లో కోడళ్ళు మామగారి పేరు నోటితో పలికేవాళ్ళు కాదు. ఆ పేరే మనవడికి పెట్టాక, వాణ్ణి తిట్టాలన్నా పిలవాలన్నా ‘తాతా’, ‘నాయనా’, ‘పెద్దాయనా’ అని పిలిచేవాళ్ళు. తాత పేరు పెట్టుకున్న పిల్లలకి ఇంట్లో దెబ్బలు తక్కువ పడేది అందుకే. కాబట్టి బారసాల రోజున మీవారు పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో పుల్లయ్య అని రాయడం, బాబు చెవిలో ఆ పేరు చెప్పడం నాకు మనస్ఫూర్తిగా ఇష్టం. ఆ పక్కనే మీరిద్దరూ కోరుకున్న పేరు కూడా రాయండి. రికార్డుల్లో మీరు ఎంచుకున్న పేరు ముందు, పుల్లయ్య తర్వాత. వెంకట పుల్లయ్య, శివ పుల్లయ్య అని జంటగా పెట్టడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. మీకు నచ్చితే ఆ ముందు పేరు జీవన్ అనో, చిరంజీవి అనో ఉంచండి. పుల్లయ్య అన్న పేరుతో ఆ తల్లి కోరుకున్నది కూడా అదే, వీడు బతకాలని. రెండు పేర్లూ ఒకదానికొకటి అతికినట్టుంటాయి. ఏ పేరుతో పిలిపించుకోవాలన్నది వాడు పెద్దయ్యాక వాడే తేల్చుకుంటాడు. పుల్లయ్యని ఒట్టి ‘పి’ అనే పొడి అక్షరంగా మాత్రం కుదించకండి. దాచినట్టు ఉంటుంది. దాచాల్సింది అందులో ఏమీ లేదు.

ఈ విషయం మీవారు తన తల్లితో స్వయంగా మాట్లాడాలి. మీ మీద వదిలేసి పక్కకి తప్పుకుంటే, రేపు ఏ పేరు పెట్టినా కోడలే మార్పించిందన్న మాట మీ మీద పడుతుంది. ఈ ఉత్తరం ఆయన చేత చదివించండి.

తొందర కూడా పడకండి. పుట్టిన 21 రోజుల్లోపు చేయాల్సింది పుట్టుక నమోదు మాత్రమే. పేరు లేకుండా కూడా నమోదు చేయవచ్చు. బాబు ఆసుపత్రిలో పుట్టి ఉంటే ఆ వివరాలు వాళ్ళే పంపి ఉంటారు, ఒకసారి కనుక్కోండి. పేరు మాత్రం ఏడాది లోపు ఎప్పుడైనా ఉచితంగా చేర్పించుకోవచ్చు. ఆ తర్వాత కూడా ఆలస్య రుసుము కట్టి పదిహేనేళ్ళ వరకూ చేర్చుకునే వీలుంది. కాబట్టి బారసాల నాటికి మీ ముగ్గురూ ఒక మాట మీదికి రాకపోతే, ఆ రోజు చెవిలో తాత పేరు చెప్పి ఊరుకోండి. సర్టిఫికెట్ సంగతి నెమ్మది మీద చూసుకోవచ్చు.

పేరు చేర్పించేటప్పుడు ఒక్క జాగ్రత్త. పుల్లయ్యని ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాస్తారు. మామయ్యగారి ఆధార్ కార్డులో ఏ స్పెల్లింగ్ ఉందో చూసి, అదే బాబుకీ రాయించండి. జనన ధృవీకరణ పత్రంలో ఒకలా, స్కూల్లో ఒకలా పడితే రేపు పాస్‌పోర్టు దగ్గర ఇబ్బంది పడేది వాడే.

అత్తయ్యగారు ముక్కు కుట్టు కథ చెప్పాక, వీలైతే నాకు కూడా రాయండి. ఎదురుచూస్తుంటాను.